రాజనీతి శాస్త్రం, డేటా సైన్స్ కలిపి పీజీ: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

రాజనీతి శాస్త్రాన్నీ డేటా సైన్స్‌నీ కలిపి నేర్పే ఈ చదువుకి ఒక్కో చోట ఒక్కో పేరు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ‘అప్లైడ్ సోషల్ డేటా సైన్స్’, ఆక్స్‌ఫర్డ్‌లో ‘సోషల్ డేటా సైన్స్’, షికాగోలో ‘కంప్యుటేషనల్ అనాలిసిస్ అండ్ పబ్లిక్ పాలసీ’. జార్జ్‌టౌన్‌లోనూ, బెర్లిన్‌లోని హెర్టీ స్కూల్‌లోనూ ‘డేటా సైన్స్ ఫర్ పబ్లిక్ పాలసీ’ అంటారు. జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో ‘సోషల్ అండ్ ఎకనామిక్ డేటా సైన్స్’. మన దేశంలో ఈ రెండూ ఒకే డిగ్రీలో దొరకడం అరుదు, ఎక్కువగా మనమే జోడించుకోవాలి. ఇంట్లో చెబితే ‘అయితే గ్రూప్స్‌కా?’ అంటారు. దానికి జవాబు మీరే చూసుకోవాలి.

సర్టిఫికెట్లు ఎన్ని పోగేసినా, ఎంపిక కమిటీని ఆపి చదివించేది సొంత జిల్లా డేటాతో చివరిదాకా చేసిన ఒక్క పని. చేరాక తట్టుకుని నిలబడటానికీ అదే పనికొస్తుంది. కాబట్టి కోర్సు మొదలయ్యే నెలకి కనీసం 18 నెలల ముందు కదలాలి. ఆ 18 నెలల్లో సగం ఆ పనికే పోతుంది.

ముందు సిలబస్ చదవండి

బ్రోషర్ పక్కన పెట్టి పేపర్ల జాబితా తెరవండి. కారణమేదో ఫలితమేదో తేల్చే పద్ధతులు, అంటే కాజల్ ఇన్ఫరెన్స్, తప్పనిసరి పేపరుగా ఉందా? సర్వే రూపకల్పన, ప్రసంగాలూ వార్తలూ లాంటి వచనాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతులు, పటాల విశ్లేషణ, వీటిలో కనీసం రెండు ఉన్నాయా? థీసిస్‌ని రాజనీతి శాస్త్రం అధ్యాపకులు చూస్తారా, కంప్యూటర్ సైన్స్ వాళ్లే చూస్తారా?

ఈ మూడూ లేకుండా మెషీన్ లెర్నింగ్, క్లౌడ్, డ్యాష్‌బోర్డులే కనిపిస్తే అది మామూలు డేటా సైన్స్ కోర్సే. ‘పాలసీ’ అన్న మాట తర్వాత అతికించారు. నరసన్నపేటలో ఎవరు గెలుస్తారన్నది అంచనా. తుపాను సాయం అందిన ఊళ్లలో ఓటు మారిందా, మారితే ఆ సాయం వల్లే మారిందా అన్నది కారణం గురించిన ప్రశ్న. మొదటిదానికి పనికొచ్చే మోడల్ రెండోదానికి జవాబు చెప్పలేదు. రాజకీయాల్లో విలువైన ప్రశ్నలు ఎక్కువగా రెండో రకమే.

మీ దగ్గర ఏది తక్కువ

ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ చదివి బీఏ చేసినవారికి లెక్కలు అడ్డం వస్తాయి. అన్ని లెక్కలూ అక్కర్లేదు. సంభావ్యత, మాత్రికలు, అవకలనం, ఈ వరుసలో చాలు. రోజుకి గంట చొప్పున ఆరు నెలలు పడుతుంది. చాలామంది కోడింగ్‌తో మొదలెట్టి, ఒకటి మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా కట్టే రిగ్రెషన్ దగ్గర ఆగిపోతారు. ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనా ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే కొలత) అంటే ఏమిటో తెలియకపోతే కంప్యూటర్ ఇచ్చిన పట్టికని చదవలేరు. స్వయం-ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఒక్కో కోర్సు పరీక్షకి రూ. 1,000. ఇంకా గట్టిగా కావాలంటే ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ డేటా సైన్స్ బీఎస్ ఉంది. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిషు చదివుంటే అర్హత పరీక్షకి కూర్చోవచ్చు. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి 2022లో యూజీసీ అనుమతించింది కాబట్టి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ఎంఏ చేస్తూ దీన్నీ నడపవచ్చు. ఇల్లు వదలలేనివారికి మేము ముందుగా చెప్పే దారి ఇదే.

ఇంకా డిగ్రీలో ఉన్నవారు మైనరు ఎంచుకునేటప్పుడు జాగ్రత్తపడాలి. 2023-24 నుంచి రాష్ట్రంలో ఒకే మేజరు, మైనరు పద్ధతి వచ్చింది. పాలిటిక్స్ మేజరుకి తోడు కాలేజీ ఇస్తే స్టాటిస్టిక్స్ తీసుకోండి. కంప్యూటర్ అప్లికేషన్స్ కంటే అది ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.

బీటెక్ వారి సంగతి తిరగేసి ఉంటుంది. కోడ్ వస్తుంది, ప్రశ్న రాదు. దొరికిన కాలమ్‌లన్నీ మోడల్‌లో పోసి ‘95 శాతం కచ్చితత్వం’ అని రాస్తారు. గెలిచినవారిని గెలిచిన పార్టీ ఓట్ల శాతంతో ఊహిస్తే కచ్చితత్వం ఎందుకు రాదు? వీరు నియోజకవర్గాల పునర్విభజన, పార్టీ వ్యవస్థలు, స్థానిక పాలన మీద చదివి, కోడ్ లేకుండా 2,000 మాటల వ్యాసాలు రెండు రాయాలి. దరఖాస్తులో వీరు దెబ్బతినేది ఎస్ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకో చెబుతూ రాసే వ్యాసం దగ్గరే.

ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ నేర్చుకోవాలా, పైథానా అంటే, సామాజిక శాస్త్రాల వైపు నుంచి వస్తే ఆర్. సర్వే డేటా, రిగ్రెషన్, పటాలు అందులో తక్కువ శ్రమతో అవుతాయి. పైథాన్ వచ్చినవారు అందులోనే ఉండిపోవచ్చు. 8 జీబీ ల్యాప్‌టాప్ సరిపోతుంది. బూత్ డేటా అంటే కొన్ని వేల వరుసలే కదా.

జిల్లా డేటాతో ఒక పని

ప్రశ్న చిన్నది కావాలి, ఇక్కడి మనిషి మాత్రమే సరిగ్గా అడగగలిగేది కావాలి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఆరు నెలలకి, 2019 ఏప్రిల్ 11న పోలింగ్. బాగా దెబ్బతిన్న ఉద్దానం ఊళ్లలో ఓటు మిగతా ఊళ్లకంటే భిన్నంగా కదిలిందా? ఇది చక్కటి ప్రశ్న. చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లే మత్స్యకారుల ఊళ్లలో పోలింగ్ శాతం ఎలా ఉంటుందన్నది మరొకటి. అరకు లోక్‌సభ స్థానంలో నోటాకి అన్ని ఓట్లు ఎందుకు పడతాయన్నది ఇంకొకటి. ‘సోషల్ మీడియా ప్రజాస్వామ్యాన్ని మారుస్తోందా’ లాంటి వాటి జోలికి పోవద్దు.

బూత్‌వారీ ఫలితాలు ఫారం 20లో ఉంటాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఒక్కో అసెంబ్లీ స్థానానికి ఒక్కో పీడీఎఫ్ దొరుకుతుంది. దాంతోపాటు అదే సంవత్సరపు పోలింగ్ కేంద్రాల జాబితా కూడా దించుకోండి. ఏ బూత్ ఏ ఊరిదో, ఏ వీధులదో అందులోనే ఉంటుంది. నియోజకవర్గ స్థాయి పాత ఫలితాలకి అశోకా విశ్వవిద్యాలయంలోని త్రివేది సెంటర్ వారి లోక్ ధాబా వాడొచ్చు. ఊళ్ల వివరాలకి 2011 జనగణన, గ్రామాల కోడ్‌లని నియోజకవర్గాలతో కలిపిన ష్రగ్ అనే డేటాసెట్ ఉన్నాయి.

పీడీఎఫ్ తెరవగానే మౌస్‌తో ఒక అంకెని ఎంచుకుని చూడండి. ఎంపిక అయితే టాబ్యులా, కామెలాట్ లాంటి పరికరాలు పట్టికని లాగేస్తాయి. అవ్వకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. బొమ్మలోని అక్షరాల్ని గుర్తించే టెసరాక్ట్ అనే ప్రోగ్రాముతో చదివించాలి, అది 1ని 7గా, 3ని 8గా పొరబడుతుంది. తెలుగులో ఉన్న పాత ఫైళ్లలో ఇంకో తలనొప్పి: అను ఫాంట్లలో టైపు చేసినవి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. 2024లో రాష్ట్రంలో 46,389 పోలింగ్ కేంద్రాలు, అసెంబ్లీ స్థానాలు 175. అంటే స్థానానికి సగటున 265 వరుసలు. ఒక్క స్థానమే అయితే టెసరాక్ట్‌తో కుస్తీ పట్టేకంటే ఇద్దరు కూర్చుని చేత్తో ఎక్కించడమే త్వరగా అవుతుంది.

ఎక్కించాక మూడు సరిచూపులు. ప్రతి వరుసలో అభ్యర్థుల ఓట్లు, నోటా కలిపితే మొత్తం రావాలి. ప్రతి అభ్యర్థి కాలమ్ కూడితే ఫారం కింద ఉన్న మొత్తంతో సరిపోవాలి. దానికి పోస్టల్ బ్యాలెట్లు కలిపితే ఎన్నికల సంఘం ప్రకటించిన సంఖ్య రావాలి. పోస్టల్ ఓట్లు ఏ బూత్‌కీ చెందవు, అందుకే చివర తేడా వస్తే ముందు అక్కడ వెతకండి. మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకేసారి ఓటేస్తాం కనక ఒకే బూత్‌కి రెండు ఫారం 20లు ఉంటాయి. ఫైలు పేర్లలో తేడా పెట్టుకోకపోతే ఒకదాని అంకెలు మరోదాంట్లోకి వెళ్లిపోతాయి. జాగ్రత్తగా పెట్టుకుంటే మాత్రం, ఒకే బూత్‌లో రెండు ఓట్లు ఎలా చీలాయో చూపే అరుదైన డేటా మీ చేతిలో ఉన్నట్టే.

అసలు కష్టం కలిపే దగ్గర ఉంది. 2019లో 45వ నంబరు బూత్, 2024లో 45వ నంబరు బూత్ ఒకటే అనుకోవద్దు. ఓటర్లు పెరిగితే బూత్‌ని చీలుస్తారు, ఆ తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. కాబట్టి బూత్‌ని బూత్‌తో కాక ఊరిని ఊరితో పోల్చండి: ఒక ఊరి బూత్‌లన్నీ కూడి ఒక వరుస చేయండి. ఏజెన్సీలో దీనికి వ్యతిరేకం, నాలుగైదు గూడేలకి ఒకే బూత్. అక్కడ గూడేలన్నీ కలిపి ఒక యూనిట్‌గా తీసుకోవాలి తప్ప విడదీయలేరు.

జిల్లా అన్న కాలమ్‌ని నమ్మకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. శ్రీకాకుళంలోని రాజాం విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. అంతకుముందు శ్రీకాకుళంలో 38 మండలాలు, విజయనగరంలో 34. ఇప్పుడు వరుసగా 30, 27, మన్యంలో 15. లోక్‌సభ స్థానాలు ఈ గీతలకి లోబడవు: ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలో ఉంది, లోక్‌సభకి మాత్రం విజయనగరం. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉంది, లోక్‌సభకి విశాఖపట్నం. ఇక విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979లో, దానికి ముందు లెక్కల్లో అది వెతికినా కనబడదు. 2011 జనగణన పట్టికని 2024 ఫలితాలతో జిల్లా పేరు మీద కలిపితే పొరపాటు చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది, కంప్యూటర్ ఎర్ర గీత కూడా చూపదు. మండలం, గ్రామం స్థాయిలో కోడ్‌లతోనే కలపండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు ఇందుకు ఉన్నాయి.

కోడ్ లేనిచోట పేర్లతో కలపక తప్పదు. ఇంగ్లిషులో ఇచ్ఛాపురాన్ని, చీపురుపల్లిని ఒక్కో ఫైల్లో ఒక్కోలా రాస్తారు. పోలిక ఆధారంగా పేర్లు కలిపే ప్రోగ్రాములు ఇక్కడ బోల్తా పడటానికి ఒక ప్రత్యేక కారణం ఉంది: మన ఊళ్ల పేర్లలో చాలా ‘వలస’, ‘పేట’, ‘పురం’తో ముగుస్తాయి. తోక ఒకటే కావడంతో రెండు వేర్వేరు ఊళ్లకి 80 శాతం పోలిక చూపిస్తుంది. తోక తీసేసి మిగిలిన భాగాన్ని పోల్చండి, అదీ ఒకే మండలం లోపల. దొరికిన జతల్లో వందని కంటితో సరిచూసి, తప్పు శాతం ఎంతో నివేదికలో రాయండి. పాఠకులు ముందు వెతికేది దాన్నే.

ఇక విశ్లేషణ. ఎస్సీ జనాభా ఎక్కువున్న బూత్‌లలో ఒక పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చాయంటే ఎస్సీలు ఆ పార్టీకి వేశారని కాదు. అదే బూత్‌లోని మిగతావారు వేసి ఉండొచ్చు. 1950లో సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ అమెరికా జనగణనతో చూపించింది ఇదే. విదేశాల్లో పుట్టినవారి శాతానికీ అక్షరాస్యతకీ రాష్ట్రాల స్థాయిలో సహసంబంధం 0.53, వ్యక్తుల స్థాయిలో మైనస్ 0.12. గుర్తే తిరగబడింది. వలసవాళ్లు చదువున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం. మీ వాక్యాలన్నీ ‘బూత్‌లు’, ‘ఊళ్లు’ అని మాట్లాడాలి, ‘ఓటర్లు’ అని కాదు.

తిత్లీ ప్రశ్నలో ఉచ్చు మరోటి. సాయం ఎక్కువగా వెళ్లింది దెబ్బతిన్న ఊళ్లకే, దెబ్బతిన్నవి ఎక్కువగా తీరం ఊళ్లు. తీరం ఊళ్లు తుపాను రాకముందు కూడా వేరేగానే ఓటేస్తూ ఉండొచ్చు. అందుకే 2019 ఒక్కటే చూడకుండా 2014 నుంచి 2019కి మార్పుని రెండు రకాల ఊళ్లలో పోల్చాలి. ఇంకా నమ్మకం కావాలంటే 2009 నుంచి 2014కి మార్పు కూడా చూడండి. తుపానుకి ముందే రెండు గుంపులూ వేర్వేరు దారుల్లో నడుస్తుంటే మీ పోలిక చెల్లదు. అంతకంటే వెనక్కి వెళ్లలేరు, ఇప్పుడున్న హద్దులతో జరిగిన మొదటి ఎన్నిక 2009దే.

పోలింగ్ శాతంలో హారం ఓటరు జాబితా. చెన్నైకో హైదరాబాదుకో పనికి పోయినవారి పేర్లు జాబితాలో అలాగే ఉంటాయి. ఆ ఊళ్లో పోలింగ్ తక్కువ కనిపిస్తే నిరాసక్తత అనుకోకండి, మనుషులే లేరు. పంచాయతీ ఎన్నికలు ఎంచుకునేవారు ఇంకొకటి తెలుసుకోవాలి: వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, పార్టీ గుర్తులుండవు. పత్రికలు రాసిన ‘మద్దతుదారుల’ లెక్క డేటా కాదు. మహిళా సర్పంచులున్న చోట తాగునీటిపై ఖర్చు పెరిగిందని 2004లో ఆర్థికవేత్తలు ఛటోపాధ్యాయ, దుఫ్లో చూపిన పని బాగా తెలిసిందే. అది పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో రిజర్వేషన్ యాదృచ్ఛికంగా పడటం మీద నిలబడింది. మన దగ్గర ఏ పదవి ఎలా కేటాయించారో నియమావళి చదవకుండా దాన్ని అచ్చుగుద్దకండి.

సొంతంగా సర్వే చేద్దామనుకుంటే ముందు ఈ లెక్క చూడండి. 400 మందిని యాదృచ్ఛికంగా అడిగితే తప్పు అవకాశం ఇటూ అటూ 4.9 పాయింట్లు. పది ఊళ్లకి వెళ్లి ఊరికి 40 మందిని అడిగితే, ఒక ఊరివాళ్ల సమాధానాలు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఆ 400 నిజానికి 200కి సమానం కావచ్చు. అప్పుడు 6.9 పాయింట్లు. ఐదు శాతం తేడాతో తేలే పోటీ గురించి ఆ సర్వే ఏమీ చెప్పలేదు.

ఇంటిపేరు చూసి కులం ఊహించే పని పెట్టుకోవద్దు. ఒకే ఇంటిపేరు మన దగ్గర వేర్వేరు కులాల్లో ఉంటుంది, కనక తప్పులు పడతాయి. అదీగాక ఓటరు జాబితాలోని మనుషుల్ని పేరుపేరునా వర్గీకరించిన ఫైలు ఎవరి చేతికి చిక్కినా ప్రమాదమే. విశ్వవిద్యాలయాల నైతిక సమీక్షలో ఇది ఆగిపోతుంది.

చివరికి 3,000 నుంచి 4,000 మాటల నివేదిక, రెండు మూడు పటాలు, గిట్‌హబ్‌లో కోడ్. ముడి పీడీఎఫ్ నుంచి చివరి పట్టిక దాకా ఇంకొకరు నడిపితే అవే అంకెలు రావాలి. ఫలితం ‘ఏ తేడా లేదు’ అని వచ్చినా అలాగే రాయండి. బలవంతంగా తేడా చూపించిన నివేదికని చదివేవారు ఇట్టే పసిగడతారు.

ఎక్కడ దరఖాస్తు చేయాలి

దేశంలో ఉండేవారికి రెండు పరీక్షలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం లాంటి రాష్ట్ర సంస్థలకి ఏపీ పీజీసెట్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూలలో రాజనీతి శాస్త్రానికి సీయూఈటీ పీజీ: 75 ప్రశ్నలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. సర్వే, జనాభా లెక్కల వైపు మొగ్గేవారు ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, ఐఐపీఎస్ చూడాలి. చదువు మధ్యలో లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ వారి వేసవి శిక్షణ దొరికితే వదులుకోవద్దు, ఇక్కడి ఎన్నికల సర్వే డేటా మీద నేర్పేది వాళ్లే.

బయటికి వెళ్లేవారిలో బ్రిటన్ ఎంచుకుంటే ఏడాదిలో అయిపోతుంది, కానీ పరుగే పరుగు. మొదటి పది వారాల్లో లెక్కలు నేర్చుకుందాం అనుకునేవారికి అది కాదు. అమెరికాలో రెండేళ్లు, ఖర్చు ఎక్కువ. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారో లేదో ఒక్కో చోట ఒక్కో రకం, ఫీజు కట్టేముందు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. జర్మనీలో కాన్‌స్టాంజ్, మన్‌హైమ్ బలమైనవి. గణాంక శాస్త్రంలో డిగ్రీలో ఎన్ని క్రెడిట్లు చదివారో వాళ్లు లెక్కబెడతారు. సిలబస్ ప్రతుల మీద కాలేజీ ముద్ర వేయించి ఉంచుకోండి.

కాగితాలు

సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకి అంతకుముందు సంవత్సరం జులైలో ఐఈఎల్‌టీఎస్, ఆగస్టులో ట్రాన్స్‌క్రిప్ట్‌ల (విశ్వవిద్యాలయం ఇచ్చే మొత్తం మార్కుల అధికారిక ప్రతుల) అర్జీ, అక్టోబరులో ఎస్ఓపీ తుది ప్రతి, డిసెంబరు లోపు దరఖాస్తులు. ఆలస్యమయ్యేది ఎప్పుడూ ట్రాన్స్‌క్రిప్టే. సప్లిమెంటరీ మార్కులు వేరే మెమోలో ఉంటే అన్నీ కలిపిన ప్రతి కావాలని అర్జీలోనే రాయండి. పాస్‌పోర్టులో, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. వీసా దగ్గర మన జిల్లాల పిల్లలకి తరచూ ఎదురయ్యేది ఇదే.

సిఫార్సు లేఖకి మాస్టారి హోదా కంటే ఆయనకి మీ పని తెలియడం ముఖ్యం. నివేదిక ప్రతి, మీరు చేసిన పనుల ఒక పేజీ జాబితా ఆయన చేతికివ్వండి. కాలేజీ ఈమెయిల్ లేక సొంత జీమెయిల్ నుంచి పంపితే కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవు. ప్రిన్సిపాల్ ద్వారా అధికారిక చిరునామా ముందే తెరిపించండి.

ఎస్ఓపీ మొదటి వాక్యంలోనే ప్రశ్న ఉండాలి. ‘చిన్నప్పటి నుంచి రాజకీయాలంటే ఆసక్తి’ అన్నది కొట్టేయండి. ప్రశ్న, దానికి మీరు ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, అక్కడి నుంచి ముందుకెళ్లడానికి ఆ కోర్సులోని ఏ పేపరు కావాలి. అంతే.

డబ్బు

జర్మనీకి మన చదువు పత్రాలు నిజమైనవని చెప్పే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి ఇంతే తీసుకోగలిగే ఖాతాలో చూపాలి. కాన్‌స్టాంజ్, మన్‌హైమ్ ఉన్న రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివారికి సెమిస్టరుకి 1,500 యూరోల ఫీజు ఉంది. ‘జర్మనీలో చదువు ఉచితం’ అన్న మాట విని వెళ్లేవారికి ఈ రెండూ ముందే తెలియాలి.

ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకి కేంద్ర సామాజిక న్యాయ శాఖ వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. గిరిజనులకి గిరిజన వ్యవహారాల శాఖ విడిగా ఇస్తుంది. సామాజిక న్యాయ శాఖ పథకంలో మన సబ్జెక్టుకి ఒక మెలిక: భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకి వర్తించదని 2022లో మార్గదర్శకాలు మార్చారు. కాబట్టి దరఖాస్తులో కోర్సుని పద్ధతుల చదువుగా, గణాంక శాస్త్రంగా ఉన్నదున్నట్టు చూపాలి. అసలు థీసిస్సే ఉత్తరాంధ్ర ఎన్నికల మీదనైతే చేరేముందే శాఖ నుంచి స్పష్టత తీసుకోండి. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి, డిగ్రీ కాగానే కుదరదు. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకం పేరూ షరతులూ ప్రభుత్వంతో పాటే మారుతుంటాయి. ఆ ఏటి నోటిఫికేషన్ చేతిలో లేకుండా దాన్ని లెక్కలో వేసుకుని బ్యాంకు రుణం తగ్గించుకోవద్దు.

సీటు వచ్చాక డిపాజిట్ కట్టేముందు రెండు విషయాలు రాతలో తెప్పించుకోండి: వీసా రాకపోతే డిపాజిట్ వెనక్కిస్తారా, ఉపకార వేతనం ఫలితం వచ్చేదాకా గడువు పొడిగిస్తారా. చాలా చోట్ల అడిగితే పొడిగిస్తారు, అడగకపోతే సీటు తర్వాతివారికి వెళ్లిపోతుంది.